సున్నా కొస

ఇరవయ్యేడేళ్లుగా టేపులో సున్నా కొస నాది.
అంకెలు కనపడే కొస ఆఫీసరుగారిది.
నేను గోడకి ఆనించి వంగుతాను,
ఆయన దూరంగా నిలబడి చదువుతారు.
గుంటూరులో నేను వంగని వీధి లేదు.

ఆ మంగళవారం మూడో అంతస్తులో విచారణ.
కొరిటెపాడు వెనక ఆరువందల గజాల స్థలం.
అర్జీదారు దారా సువార్తమ్మ,
పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది.
ఇరవై రెండు గదులు కడతానంటోంది:
పీట వేసి నీళ్లు పోసేవాళ్లు, మాత్ర గుర్తుచేసేవాళ్లు,
రాత్రి మూడింటికి ఎవరైనా లేచి "ఇదే ఊరు?" అంటే
విసుక్కోకుండా "గుంటూరేనండీ" అని చెప్పేవాళ్లు.

ఏ గడిలో టిక్కు పెట్టాలో కంప్యూటరుకి తెలీలేదు.
హాస్టలా, ఆసుపత్రా, లాడ్జా, ఇల్లా?
మా రూల్సు పుస్తకంలో సినిమాహాలుకి ఒక పేజీ ఉంది.
మిరపకాయ రంగు దిగకుండా దాచే కోల్డ్ స్టోరేజీకి మూడు.
దీనికి లేదు.
ఎవరో పెన్సిల్‌తో "సహాయక నివాసం" అని రాశారు.
సహాయం లేని నివాసం ఏదో నాకు తట్టలేదు.
మా ఇంట్లో గ్యాసు బండ నేనొక్కణ్నే ఎత్తి రెండేళ్లయింది.

గాలి యార్డు వైపు నుంచి తిరిగింది.
అభ్యంతరాలన్నీ తుమ్ముల మధ్యే వినపడ్డాయి.
తుమ్మితే కాసేపు ఆగాలంటారు,
మార్చి నెలలో అలా ఆగితే ఈ ఊళ్లో ఏ పనీ కాదు.

"అంబులెన్సు కూతలకి మా పిల్ల ర్యాంకు పోద్ది."
"గజం మీద నాలుగు వేలు పడిపోద్ది, రాసుకోండి."
"పెద్దోళ్లంటే మాకు గౌరవమేనండీ, పక్క వీధిలో."
యడ్లపల్లి కోటయ్యగారు లేచి నిలబడి,
ఫైలు గుండెకి హత్తుకుని,
"ముసలితనం కమర్షియలండీ,
మాది రెసిడెన్షియల్" అన్నారు.
ఎవరూ నవ్వలేదు. ఆఫీసరుగారు రాసుకున్నారు.

సువార్తమ్మ వంతు వచ్చింది.
"మాట్లాడాల్సినవాళ్లు తొమ్మిదిమంది కింద ఆటోల్లో ఉన్నారు.
మీ లిఫ్టు పాడైంది" అని కూర్చుంది.

సాయంత్రం కొలతకి వెళ్లాం.
అటువంటి కట్టడానికి రోడ్డు నలభై అడుగులుండాలి.
గోడ నుంచి గోడకి సరిగ్గా నలభై.
కానీ కోటయ్యగారి గేటు ముందు ఒక మెట్టు,
నాపరాయి పరిచి, అంచుకి పసుపు రంగు వేసి.
"మెట్టు దగ్గర్నుంచి పట్టరా" అన్నారు ఆఫీసరు.
పట్టాను.
ముప్పై ఎనిమిది అడుగుల అయిదంగుళాలు.
పందొమ్మిది అంగుళాల రోడ్డు ఆ రాయి కింద ఉంది.

మెట్టు పక్కన ఇనుప గొట్టం ఒకటి,
చేత్తో పట్టుకుని దిగేందుకు.
పట్టిన చోట రంగు పోయి తెల్లగా మెరుస్తోంది.
కోటయ్యగారు మాతో కాకుండా గేటుతో చెప్పినట్టు చెప్పారు:
"మా నాన్న కోసం పెట్టించా. ఆయన పోయాక పీకిద్దామనుకున్నా.
ఇప్పుడు నాకే పనికొస్తోంది."

ఆఫీసరుగారు దాన్ని రాసుకోలేదు.

లేద్దామనుకున్నాను. మోకాలు ఒప్పుకోలేదు.
సున్నా కొస ఒక చేతిలో ఉంది.
రెండో చెయ్యి నన్నడక్కుండానే ఆ గొట్టాన్ని పట్టుకుంది.
చల్లగా, గట్టిగా ఉంది. లేచాను.
వీధి అంతా చూసింది, అవతల గోడ దగ్గర సువార్తమ్మ కూడా.
నర్సులు చూసే చూపు అది, ముందు పాదాల వైపు.

"రోడ్డు వెడల్పు తక్కువ. ఆక్రమణ తొలగించాక మళ్లీ కొలవాలి"
అని ఫైల్లోకి ఎక్కింది.
ఎప్పుడో ఎక్కలేదు.

జీపు ఎక్కుతుంటే కోటయ్యగారు నా దగ్గరికొచ్చారు,
ఆఫీసరు దగ్గరికి కాదు.
"మెట్టు తీసేస్తాలే. ఆ గొట్టం ఉంచుకోవచ్చా?"
పుస్తకంలో దానికీ గడి లేదు.
తెలీదండీ అన్నాను.
టేపు చుడుతుంటే
దుమ్ముతో పాటు కాస్త కారం కూడా లోపలికి పోయింది.